ఎర్రబడిన వేళ్లు

నాయనమ్మ పొలిక్సేని చనిపోయేనాటికి ఎవాంతి గ్రీసులో కాగితాలు లేకుండా కుట్టుపని చేసుకుంటోంది. అంత్యక్రియలకు అల్బేనియా వస్తే మళ్లీ సరిహద్దు దాటనివ్వరు. అందుకే ఇరవై ఏళ్లు ఆలస్యంగా, ఆమె పేరిట కొవ్వొత్తి వెలిగించడానికి సొంత ఊరు కోర్చా వచ్చింది.

ఆమె చిన్నప్పుడు, కమ్యూనిస్టు ప్రభుత్వం మతాన్ని నిషేధించిన రోజుల్లో, ఆ ఊరి చర్చి గోదాము. దేవుడి పేరెత్తితే నేరం. అయినా ఈస్టరుకు నాయనమ్మ తలుపులు బిగించి, ఆచారం ప్రకారం ఉల్లిపొట్టు వేసి ఎర్రగా గుడ్లు ఉడికించేది. ఎవాంతికి ఎనిమిదేళ్లప్పుడు, పండగ మర్నాడు బడిలో లిరీ టీచర్ పిల్లలందరి చేతులూ తిప్పి చూసింది. గుడ్ల రంగు అంటి ఎవాంతి వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరమ్మా ఇంత మంచి రంగు వేసింది?" అని ముద్దుగా అడిగింది. పిల్ల గర్వంగా చెప్పేసింది. ఆ వారమే పేట మీటింగులో నాయనమ్మను అందరి ముందూ నిలబెట్టి, నెల రోజులు వీధులు ఊడ్పించారు. ఆవిడ మనవరాలిని ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు చర్చి గుమ్మం పక్కన, కొవ్వొత్తుల బల్ల వెనక కూర్చున్న ముసలావిడను చూసి ఎవాంతి ఆగిపోయింది.

"లిరీ టీచర్ కదూ?"

"అవును. నువ్వెవరి పిల్లవే?"

"పొలిక్సేని మనవరాలిని. వేళ్లు చూసి పట్టించారే, ఆవిడ మనవరాలిని."

ముసలావిడ మొహం తిప్పుకోలేదు. "ఎవాంతివా! మీ నాయనమ్మే కదే నా జ్ఞానతల్లి."

"ఎవరికి?"

"నాకే. ప్రభుత్వం మారి చర్చిలు తెరిచాక బాప్తిస్మం తీసుకుంటానంటే, జ్ఞానతల్లిగా నా పక్కన నిలబడటానికి ఒక్కరూ రాలేదు. 'ఊరి మీద పడింది చాలక దేవుడి మీద కూడా పడిందా' అన్నారు. మీ ఇంటికెళ్లాను. ఆవిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. కొడుతుందనుకున్నా. 'ముందు ఈ మెట్లు ఊడువు' అంది. ఊడ్చాను. ఆదివారం వచ్చి నిలబడింది."

"అంటే, క్షమించిందా?"

"ఆ మాట ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఉపవాసాలు ఎట్లా ఉండాలో నేర్పింది. తప్పితే చీవాట్లు పెట్టేది."

తన దేశపు విశ్వాసం అంటే ప్రభుత్వానికి లొంగనివాళ్ల కథ అని ఎవాంతి గ్రీసులో అందరికీ చెప్పుకునేది. పట్టించినవాళ్లకూ అందులో చోటుందని, ఆ చోటు నాయనమ్మే ఇచ్చిందని ఎన్నడూ అనుకోలేదు. కోపం పోలేదు. కానీ నాయనమ్మ తరఫున కోపపడటానికి ఇక వీల్లేకుండా పోయింది.

"నా గురించేమైనా అనేదా?"

"ఉత్తరాలు రాయవని తిట్టేది" అంది లిరీ, కొవ్వొత్తి అందిస్తూ.

"ఇంకొకటి తీసుకుని మీరూ రండి."

చనిపోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు గుచ్చే ఇసుక పళ్లెం కింద, నేల మీద ఉంది. టీచర్ మోకాళ్లు వంగలేదు. ఎవాంతి ఆమె మోచేయి పట్టుకుంది.