గంప దాటిన నీడ

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. వెనకున్న పెద్దమ్మా, నీకూ చోటుంది, ముందుకు రా. ముత్యాలమ్మ తల్లిని ఒక్కసారి తలుచుకుని చెవులు నాకప్పగించండి. భద్రాచలం అడవి అంచున, కరెంటు స్తంభాలు పాతి నాలుగైదేళ్లు కూడా కాని ఊళ్లో జరిగిన సంగతి ఇది.

బీడీలు చుట్టే తునికాకు కోతల కాలంలో ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. తెల్లారకముందే ఆడామగా అడవికి పోతారు. కుక్కలు మాత్రం ఇంటిపట్టునే ఉండాలి. ఎందుకంటే ఎలుగుబంటి కనబడితే కుక్క ఊరుకోదు. మొరిగి మొరిగి దాన్ని రెచ్చగొట్టి, ఆపైన తోక ముడిచి ఎవరి దగ్గరికి ఉరుకుతుంది? యజమాని దగ్గరికే! దాని వెనకే ఎలుగు. అందుకని కుక్కను కోళ్లగంప కింద మూసి, మీద రాయి పెట్టి పోతారు.

ఆ ఊరి ముత్తక్క పెనిమిటి జంపయ్య ఒకే ఒక్కరోజు ఆ కట్టుబాటు తప్పాడు. "గంప కింద ఏడుస్తున్నదే పాపం," అని కుక్కను వెంటబెట్టుకుపోయాడు. సాయంత్రానికి అతన్ని దుప్పట్లో మోసుకొచ్చారు. కుక్క ఒంటి మీద గీత కూడా లేదు. దుప్పటి వెనకే నడిచి వచ్చింది.

ఊళ్లో మొదటి బల్బు వెలిగిన రోజున దొరికిన కుక్కపిల్ల అని జంపయ్య దానికి 'కరెంటు' అని పేరు పెట్టుకున్నాడు. అతను పోయాక ముత్తక్క నోట ఆ పేరు రాలేదు. అట్లాగని వెళ్లగొట్టనూ లేదు. "ఓయ్" అనేది, గంజి పోసేది, వేకువన గంప కిందికి తోసి మీద రుబ్బురోలు పొత్రం పెట్టేది. పెట్టేటప్పుడు మాత్రం కొంచెం గట్టిగానే పెట్టేది.

ఇక పొద్దు పొడిచిందంటే చాలు, అడవిలో ముత్తక్క పక్కన ఉత్త నీడ ఒకటి నడుస్తుండేది. నాలుగు కాళ్లు, వంకర తోక, వాలిపోయిన ఒక చెవి. కుక్క ఇంటి దగ్గర గంప కిందే. నీడ మాత్రం ఇక్కడ. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. తొక్కకుండా కాస్త పక్కకు జరిగి నడిచేవాళ్లు, అంతే.

"వదినె, వచ్చింది నీ కరెంటు," అనేది ఆడబిడ్డ రుక్మిణి ఆకు తెంపుతూ. "మన ఊర్లె కోత లేకుండ వచ్చే కరెంటు గిదొక్కటే!"

"రానీయే. నీడ మొరగదు గద."

"ఒక్కపాలి పేరు పెట్టి పిలువరాదు? మా అన్న పెట్టిన పేరాయె."

"మీ అన్నను తెచ్చియ్యమను దాన్ని. అప్పుడు పిలుస్త."

రుక్మిణి తల వంచుకుని మళ్లీ ఆకు తెంపసాగింది.

ఏడాది తిరిగింది. సరిగ్గా జంపయ్య పోయిన రోజే. ఆ వేకువన కుక్క గంప కిందికి రానంది. ముత్తక్క చీర కుచ్చెళ్లు పట్టుకుని వెనక్కి లాగింది. "ఆయన్ని మింగింది చాలదా?" అని ముత్తక్క దాన్ని బలంగా తోసింది. ఆ పెనుగులాటలో కాలు తగిలి కుక్క కోసం పెట్టిన మూకుడులో నీళ్లు ఒలికిపోయాయి.

"జల్దీ రా వదినె, ఎండెక్కుతది!" బయట నుంచి రుక్మిణి కేక.

'పగటాల్లకు వస్తనే గద, అప్పుడు పోస్త,' అనుకుని ముత్తక్క పొత్రం పెట్టి వెళ్లిపోయింది.

గంప ఉండేది పడమటి గోడ పక్కన. పొద్దున్నంతా అక్కడ గోడ నీడ. పన్నెండు దాటితే నిప్పులే. రోజూ ముత్తక్క ఆలోపే వచ్చేసేది. ఆ రోజు దగ్గరి ఆకు అయిపోయి గుట్ట అవతలికి పోయారు. మంచి ఆకు వెతుక్కుంటూ ఆమె గుంపు నుంచి విడిపోయింది. చుట్టూ మోకాలెత్తు తునికి మొక్కలు, ఆకు రాల్చిన బోడి చెట్లు. ఎండదెబ్బకు కళ్లు బైర్లు కమ్మి రాళ్ల మీద పడిపోయింది.

నీడ ఆమె చుట్టూ తిరిగింది. తల దగ్గర నిలబడింది. తర్వాత మెల్లగా పడుకుంది. పడుకున్నకొద్దీ పెరిగింది. ముఖం మీదికి, గుండెల మీదికి, పాదాల దాకా, తడిగుడ్డ పరిచినట్టు.

ముత్తక్కకు అంత మగతలోనూ ఇంటి గోడ గుర్తొచ్చింది. మూకుడు గుర్తొచ్చింది.

"ఇంటికి పో," అంది పెదవులు ఆడీ ఆడక. "నువ్వీడుంటే ఆడ నీ ఒంటికి ఎండ తగుల్తది. పో, నీ కాల్మొక్త."

నీడ కదల్లేదు.

పొద్దు వాలాక రుక్మిణి వెతుక్కుంటూ వచ్చింది. చుట్టూ రాళ్లు కాళ్లు కాలుస్తున్నాయి. ముత్తక్క పడుకున్న చోట మాత్రం నేల కుండ కింది ఇసుకలా చల్లగా ఉంది.

ఇంటికి వచ్చి ముత్తక్క పొత్రం దించింది. గంప లేపింది. ఎండిన మూకుడుకు మూతి ఆనించి పడుకుని ఉంది కుక్క. ఇంకెప్పటికీ లేవదు. దాన్ని ఒళ్లోకి తీసుకుని బల్బు కింద కూర్చుంది. ఆ ఒంటికి నీడ లేదు.

"కరెంటూ," అని పిలిచింది. ఏడాదిలో మొదటిసారి. "ఓ నా కరెంటూ!"

గోడ మీద, ఆమె నీడ పక్కన, వంకర తోక ఒకటి మెల్లగా ఊగింది.

ఆ ఏటి నుంచి ఆ ఊళ్లో తునికాకుకు అందరికన్నా ఆఖరున పోయేది ముత్తక్కే. ముందు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎండ పడే చోట ఉన్న గంపను పందిరి కిందికి జరుపుతుంది. మూకుడు నిండా నీళ్లు పోస్తుంది. లోపల ఉన్నదాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అప్పుడే అడవిలోకి అడుగు పెడుతుంది, ఇద్దరి నీడలతో.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఈ కథంతా మరిచిపోయినా ఆ ఒక్క పని మరువకండి. రేపు పనికి పోతూ తలుపు మూసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. లోపల ఎవరున్నారో వాళ్లకు నీళ్లున్నాయో లేదో చూడండి. పేరు పెట్టి పిలిచి పొండి. ఎల్లుండీ అట్లాగే చెయ్యండి. ముత్యాలమ్మ తల్లి చూస్తూనే ఉంటుంది.