దుప్పటి ఎంతసేపట్లో ఆరుతుంది?

ఆ వీధిలో అందరూ ఆవిడను లాండ్రీ అక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఊరి బట్టలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇస్తున్న మనిషి. పొద్దున్నే ఆకాశం వైపు ఒక్క చూపు చూసి, ఇవాళ తువ్వాళ్లు ఎన్నింటికి ఆరతాయో, జీన్సు ప్యాంట్లు ఎన్నింటికి ఆరతాయో చెప్పేస్తుంది. చెప్పిందంటే అంతే, గడియారం తప్పాలి గానీ ఆవిడ లెక్క తప్పదు. అలాంటి మనిషి వాతావరణం దగ్గరే పప్పులో కాలేసింది. ఎలాగో చెబుతాను, వినండి.

ఆవిడకు ఎనిమిదేళ్ల కూతురు. బక్కపలచగా, నోరు మూయకుండా మాట్లాడుతూ ఉంటుంది కాబట్టి ఇంట్లో పిచ్చుక అంటారు. పిచ్చుకకు పుట్టుకతోనే చెమట పట్టదు. "అబ్బ, హాయి కదూ, మాకూ పట్టకపోతే బాగుండు" అన్న మహానుభావులు కూడా ఉన్నారు. హాయీ లేదు, పాడూ లేదు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోయే దారే ఉండదు. ఎండలు మొదలయ్యాయంటే గంటకోసారి బనీను తడిపి తొడగాలి. పోయిన వేసవిలో బడి నుంచి నడిచి వచ్చిన పిల్ల, ఒళ్లు కాలిపోతూ గుమ్మంలోనే పడిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "వచ్చే వేసవికి పాప ఈ ఊళ్లో ఉండకూడదు. ఎక్కడికైనా చల్లటి చోటికి వెళ్లిపోండి."

పిచ్చుక నాన్న కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి అంకెలు రాసుకోవడం ఆయన ఉద్యోగం. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం జతచేసి బదిలీ అడిగితే, ఆఫీసువాళ్లు కనికరించి మూడు చల్లని ఊళ్లు చూపించారు. ఒకటి మైదానంలో, ఒకటి కొండ మీద, ఒకటి సముద్రం ఒడ్డున. వాటిలో ఒక ఊరి పేరు రాసి సోమవారం లోపు ఫారం ఇవ్వాలి. రాసిచ్చాక ఐదేళ్ల దాకా మార్పు ఉండదు.

మీటర్లు చూసే మనిషి కదా, అంకె కనబడితే చాలు, ఆయన నమ్మేస్తాడు. ఎక్కడి నుంచో మూడు ఊళ్ల సంవత్సరపు సగటు వేడి వివరాలు సంపాదించుకొచ్చి భార్య ముందు పరిచాడు.

"చూడవే, మూడూ పది డిగ్రీలే. అన్నీ చల్లనివే. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది? చీటీలు వేసి పిచ్చుకతో ఒకటి తీయిద్దాం."

ఆవిడకు ఒళ్లు మండింది. "ఒక చొక్కా మాడ్చేసి, ఇంకో చొక్కా ముడతలతో వదిలేసి, సగటున రెండూ బాగానే ఇస్త్రీ చేశానంటే మీరు ఒప్పుకుంటారా? ఏడాదిలో ఒకరోజు ఎలా ఉంటుందో, ఇంకోరోజు ఎలా ఉంటుందో మీ కాగితంలో ఎక్కడుంది?"

ఆయన కాగితం తిరగేసి కూడా చూశాడు పాపం. అక్కడేం లేదు. "అయితే నువ్వెలా తెలుసుకుంటావ్?"

"అడుగుతాను."

"ఎవర్ని?"

"నాలాంటి వాళ్లని. ప్రతి ఊళ్లోనూ ఒక లాండ్రీ ఉంటుంది కదా, వాళ్ల ఫోన్ నంబర్లు పట్టుకురండి."

ఆయన మూడు ఊళ్ల కరెంటు ఆఫీసులకూ ఫోన్ చేసి మూడు నంబర్లు తెచ్చాడు. లాండ్రీ అక్క ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు లాక్కుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగింది: "డబుల్ మంచం దుప్పటి, మందపాటిది, చేత్తో పిండి పొద్దున ఆరేస్తే ఎంతసేపట్లో ఆరుతుంది?"

మైదానం ఊళ్లో ఫోన్ ఎత్తింది ఒక మోటు గొంతు మనిషి. "ఏ కాలంలో?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతోనే ఆవిడకు గౌరవం కలిగింది. పనివాడంటే అలా ఉండాలి.

"నడి చలికాలంలో."

"ఆరదమ్మా, గడ్డ కడుతుంది. తీగ మీంచి తీస్తే తలుపులా నిలబడుతుంది. ఇద్దరం పట్టుకుని జాగ్రత్తగా లోపలికి మోసుకొస్తాం."

"అమ్మ బాబోయ్! మరి వేసవిలో?"

"అరగంట. ఈ చివర క్లిప్పు పెట్టి ఆ చివరకి వెళ్లేసరికి ఈ చివర ఆరిపోతుంది."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. అరగంటంటే ఇక్కడి ఎండే. గుమ్మంలో పడిపోయిన పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఫోన్ పెట్టేసి, మొగుడి కాగితం మీద ఆ ఊరిని అడ్డంగా కొట్టేసింది. "ఇవండీ మీ పది డిగ్రీలు," అంది.

కొండ మీది ఊళ్లో ఒక పెద్దాయన మాట్లాడాడు. "రెండు గంటలు తల్లీ. చలికాలమైనా రెండు గంటలే, వేసవైనా రెండు గంటలే. మా ఎండలో వేడి ఉండదు, మా గాలిలో తడి ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టరు విప్పం."

ఏడాది పొడుగునా రెండు గంటలు! లాండ్రీ అక్కకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇరవై రెండేళ్లలో ఎన్ని వర్షాకాలాలు ఆవిడ మబ్బుల్ని తిట్టుకుంటూ, ముక్క వాసనొచ్చే దుప్పట్లను మళ్లీ ఉతుక్కుంటూ గడిపిందో! "తాతగారూ, మీ ఊరికి ఇంకో లాండ్రీ పడుతుందా?" అని అడిగింది కూడా. "నా మోకాళ్లు అయిపోయాయి తల్లీ, వచ్చి నాదే తీసుకో," అన్నాడాయన.

ఇక సముద్రం ఊరు. మాటకు ముందు నవ్వు వినబడే ఆడమనిషి ఎత్తింది. "అయ్యో చెల్లెమ్మా, ఎంత మాట అడిగావ్! నాలుగు రోజులు. అదీ మన అదృష్టం బాగుంటే. ఇక్కడ మేం బట్టలు ఆరేయం, ఆశ పెట్టుకుంటాం అంతే."

"వేసవిలోనో?"

"వేసవా? అదెలా ఉంటుందో మీ దగ్గర ఫొటో ఉంటే పంపు. చలీ ముదరదు, ఎండా ముదరదు, ఏడాదంతా ఒకటే తుంపర."

పాపం, ఆవిడ బతుకెంత కష్టం అనుకుని లాండ్రీ అక్క జాలిపడి పెట్టేసింది. ఆ సాయంత్రమే మీటరాయన ఫారం మీద నల్ల సిరాతో కొండ ఊరి పేరు రాసి, సోమవారం ఇద్దామని దాచిపెట్టాడు. రాస్తున్నంతసేపూ ఆవిడ భుజం మీంచి వంగి చూసింది. ఏటవాలు నేల మీద వరసగా తీగలు కట్టుకోవడం, మధ్యాహ్నానికల్లా పని ముగించుకోవడం ఆవిడకు అప్పుడే కనబడుతోంది. ఆ తర్వాత మూడు రోజులూ ఆవిడ కాలు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

శనివారం పొద్దున గాలి మారింది. చలికాలపు చివరి రోజులు, వేడి లేదు. పొడిగాలి పెరటి తీగల మీద దుప్పట్లను ఎగరేసి కొడుతోంది. తొమ్మిదింటికి ఆరేసిన మొదటి వరస పదకొండు కాకముందే పెళపెళలాడింది. "ఏవండీ, రండి చూద్దురు గాని! కొండ ఊరు అచ్చం ఇలాగే ఉంటుంది!" అని ఆవిడ పెరట్లోంచి కేకేసింది. మూడో వరస ఆరేస్తుంటే ఆ చివర తడి దుప్పట్ల మధ్య రెండు చిన్న పాదాలు కనిపించాయి.

"ఒసే పిచ్చుకా! ఎన్నిసార్లు చెప్పాను, దుప్పట్లలో దూరొద్దని? హోటలు వాళ్లవి అవి, చేతులు తగిలాయంటే మళ్లీ ఉతకాలి!" అంటూ ఆవిడ దుప్పటి పక్కకు లాగింది.

పిచ్చుక గొంతుక్కూర్చుని ఉంది. పెదాలు పగిలాయి. కళ్లు ఎర్రబడి, నలిపి నలిపి వాచాయి. ముక్కు కింద సన్నగా నెత్తురు చార.

"ముక్కు లోపల గుచ్చుకుంటోందమ్మా," అంది పిల్ల. "ఇక్కడైతే తెరుచుకుంటుంది. ముందు ఆ మొదటి తీగ దగ్గర కూర్చున్నా. అవి ఆరిపోయాయి. రెండో తీగ దగ్గరికొచ్చా. అవీ ఆరిపోయాయి. ఇవి కూడా ఆరిపోతే ఎక్కడికెళ్లాలమ్మా?"

లాండ్రీ అక్క గబగబా వంగింది. తన చీర కొంగు తడిపి పిల్ల ముక్కు తుడిచింది. తానూ ఆ రెండు దుప్పట్ల మధ్య చతికిలబడి కూర్చుని గాలి పీల్చి చూసింది. చల్లగా, మెత్తగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ తడిని తరిమేయడమే ఆవిడ పని. దాన్ని పీల్చి చూడాలని ఎప్పుడూ తోచలేదు.

లోపలికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. డాక్టరమ్మ అంతా వింది. "చెమట ఒక్కటే కాదమ్మా, పాపకి కన్నీళ్లూ తక్కువే, ముక్కులో తడీ తక్కువే. ఎండ దెబ్బ తగిలిన హడావిడిలో నేను చల్లటి చోటని మాత్రమే చెప్పాను. గాలిలో తడి కూడా ఉండాలి. పొడిగాలి మాత్రం వద్దు," అంది.

ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర కూలబడింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. గంటగంటకీ పిల్ల బనీను తడిపే చేతులతోనే, రెండు గంటల్లో అన్నీ ఆరిపోయే ఊరిని ఏరికోరి పట్టుకుంది.

"నేను దుప్పట్లకి ఊరు వెతికానండీ, పిల్లకి కాదు," అని ఏడ్చేసింది.

ఇంకొకరైతే "చీటీలు వేద్దామంటే విన్నావా?" అనేవాడు. మీటరాయన ఆ మాట అనలేదు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. కానీ అడగాల్సింది అడిగాడు. "సముద్రం ఊళ్లో నువ్వేం చేస్తావే? దుప్పటి ఆరడానికే నాలుగు రోజులు పడితే నీ పనెలా సాగుతుంది? నువ్వు ఖాళీగా కూర్చునే రకం కాదు."

ఆవిడకూ అదే భయం. పని లేని తనను తానే ఊహించుకోలేకపోయింది. వెంటనే సముద్రం ఊరికి మళ్లీ ఫోన్ కలిపింది. ఇంట్లో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"అక్కా, నేనే, దుప్పటి సంగతి అడిగాను చూడు. ఇంకోటి అడగాలి. మీ ఊళ్లో పెదాలు పగులుతాయా? పిల్లలకి ముక్కులెండిపోతాయా?"

అవతల నవ్వు వినబడింది. "ముక్కులెండటమా? ఇక్కడ గోడలకే చెమట పడుతుంటే! పొద్దున్నే లేచి గుడ్డ పెట్టి తుడుచుకుంటాం."

పిచ్చుక ఒక్క దూకులో వచ్చి ఫోన్ ముందు వాలింది. "గోడలకి చెమటా? నిజంగానా?"

"నిజంగానేనే బంగారం. ధారలు కడుతుంది."

"మరి మీకు పడుతుందా?"

"నాకెలా పడుతుందే? ఎండుంటే కదా! పుట్టి బుద్ధెరిగాక చెమటంటే ఎరగను."

"మీ ఊళ్లో పిల్లలకి? ఆడుకున్నప్పుడు కూడానా?"

"ఆ తుంపర్లో ఎవరికి తెలుస్తుంది? మా ఊళ్లో ఎవరికీ చెమట పట్టదమ్మా."

ఎప్పుడూ నోరు మూయని పిల్ల మూసేసింది. బడిలో ఆటల పీరియడు రాగానే దాన్ని ఒక్కదాన్నే నీడలో బెంచీ మీద కూర్చోబెడతారు. తల తిప్పి తల్లి వైపు చూసింది.

"అమ్మా, అక్కడ ఎవరికీ పట్టదట," అంది మెల్లగా.

లాండ్రీ అక్క పిల్లను లాగి గుండెలకు హత్తుకుంది. ఏడుపూ ఆగలేదు, సంతోషమూ ఆగలేదు. తన పని సంగతి అక్కడికి వెళ్లి చూసుకుంటుంది. మొగుడి వైపు తిరిగి, "ఇంకా నిలబడి చూస్తారేంటి? కొట్టేసి రాసిన ఫారం చెల్లదు కదా, ఆఫీసు మూసేలోగా కొత్తది పట్టుకురండి," అంది. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.