సలహా సంఘంలో బావా బావమరిది

న్యాయవాదుల పనితీరును పర్యవేక్షించే మండలిలో ఆమె కొత్త ఉద్యోగిని. మండలి చేసే నియమాల మీద మామూలు జనం మాట వినడానికి ఒక సలహా సంఘం వేస్తున్నారు. దానికి సభ్యులను వెతకడం ఆమె పని. ప్రకటన ఇస్తే వచ్చినవాళ్ళంతా లాయర్ల తమ్ముళ్ళూ, లాయర్ల మేనమామలూ.

"లాయరు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళు కావాలమ్మా," అన్నాడు పైఅధికారి. ఆమె సంచీ తగిలించుకుని వీధిన పడింది.

మూలమీది బేకరీ యజమాని అలాంటివాడే. పక్కింట్లో ఉంటూ డ్రైవింగ్ నేర్పే సొంత బావమరిదితో, మధ్యగోడ కోసం ఏళ్ళ తరబడి కోర్టుకు తిరిగాడు. కేసు ముగిసినా ఇద్దరికీ మాటల్లేవు.

"పొయ్యి వదిలి నేనెక్కడికి వస్తాను తల్లీ," అన్నాడాయన, చేతుల పిండి దులుపుకుంటూ.

ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "మా తమ్ముణ్ణి అడుగు. ఈయన్ని కూడా అడిగానని చెప్పు. ఇక వాడు ఆగడు. వాడు ఒప్పుకున్నాడంటే ఈయనా ఆగరు."

బావమరిది కారు కడుగుతున్నాడు. "మా బావను అడిగారా? ఆయనొక్కడే వెళ్ళి చెప్పుకుంటాడా? రాసుకోండి నా పేరు."

సాయంత్రానికి బావ తనంతట తానే ఆఫీసుకు వచ్చాడు.

ఒకే కుటుంబం నుంచి ఇద్దరేమిటని ఆమె భయపడింది. పైఅధికారి నవ్వాడు. "మాట్లాడుకోరన్నావుగా. కుమ్మక్కయ్యే ప్రమాదం లేదు."

మొదటి సమావేశానికి ఒక రిటైరైన నర్సు అధ్యక్షురాలు. అందరినీ తమ గురించి చెప్పుకోమంది.

"నేను గోడ కేసు గెలిచినవాణ్ణి," అన్నాడు బావ.

బావమరిది నిటారుగా కూర్చున్నాడు. "గెలిచింది నేను బావా."

కేసు మొదలయ్యాక వాళ్ళ మధ్య ఇదే మొదటి మాట.

"మా లాయరు నన్ను కావిలించుకుని మరీ చెప్పాడురా. ఆ రోజు వీధంతా కేకులు పంచాను."

"మా లాయరూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ కేకు అక్క మాకూ పంపింది. నేను గెలిచినందుకేననుకుని తిన్నాను."

"ఇంతకీ గోడ ఎవరిదన్నారు?" అంది నర్సు.

"నాకు హక్కుందన్నారు," అన్నాడు బావ.

"నాకూ ఉందన్నారు."

"అంటే ఇద్దరిదీనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బావ భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. బావమరిది బల్ల మీద తల వాల్చి నవ్వాడు. ఉద్యోగిని కళ్ళు తుడుచుకుంటూ సంఘం మొదటి సిఫారసు రాసుకుంది: కేసు ఎలా ముగిసిందో లాయరు తన మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి తీరాలి.

బయట బావమరిది కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు బావా."

"నెమ్మదిగా పోనీ," అంటూ బావ ముందు సీట్లో సర్దుకున్నాడు. ఆ గోడకు సున్నం ఎవరు వేయించాలన్న వాదన కారు కదలకముందే మొదలైంది.