ఫోటోలో ఏడో మనిషి

లైబ్రరీలో ఆ ఫోటో చూసిన రోజునుంచి మా నాన్నకి కాలు నిలవలేదు.

అమెరికాలో ప్రావిడెన్స్ రేవు పక్కన ఫాక్స్ పాయింట్‌లో మేమంతా ఆఫ్రికా పక్కనున్న కేప్ వర్డ్ దీవులనుంచి వచ్చినవాళ్లం. హైవే వచ్చి కొన్ని వీధుల్ని మింగింది. మిగిలిన వీధుల్లో అద్దెలు పెరిగి జనం తలో దిక్కూ పోయారు. అందరూ పోయాక, 1979లో, మా పాత ఫోటోలతో లైబ్రరీలో ప్రదర్శన పెట్టారు. ఒకదాంట్లో ఓడ ముందు ఏడుగురు మగవాళ్లు. కింద 'రేవు కూలీలు, 1938. పేర్లు తెలియవు' అని రాసి ఉంది.

"తెలియకపోవడమేంటి? నన్నెవరైనా అడిగారా?" అంటూ నాన్న పెన్సిల్ తీశాడు.

ఆ రోజుల్లో రేవు మేస్త్రీ జెఫెరీనో అంటే ఆయనే. పొద్దున్నే ఎవరివైపు వేలు చూపిస్తే వాళ్లకే ఆరోజు పని. తనదితో కలిపి ఆరు పేర్లు గబగబా రాసేశాడు. ఏడోవాడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. చివర్న, మిగతావాళ్లకి కాస్త ఎడంగా, టోపీ చేత్తో పట్టుకున్న సన్నటి మనిషి.

"లిడియా, వీణ్ణి నేనెరుగుదును. పేరే రావట్లేదు" అన్నాడు నాతో.

పేర్లు రాసిన ఆ ఆరుగురిలో ఇప్పుడు బతికున్నది నాన్నొక్కడే. భోంచేస్తూ మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. నేను సెలవు పెట్టి కారు తీశాను. ముందు మంగలి జనువారియో దగ్గరికి వెళ్లాం. ఆయన లైబ్రరీవాళ్లు ఇచ్చిన నకలు కళ్లకి ఆనించుకుని చూశాడు.

"చెవులు మా బావమరిదివే. కానీ ఆ వెధవ పనున్న చోటికి ఏనాడైనా వచ్చాడా?"

నాన్న నవ్వలేదు. మూడు ఊళ్లు, తొమ్మిది ఇళ్లు తిరిగాం. కాఫీ పూర్తిగా తాగనిచ్చేవాడు కాదు. చివరికి పొటకెట్‌లో ఒలిండా ఇంటికి చేరాం. ఆవిడ ఒకప్పుడు మా వీధిలో ఒంటరి మగవాళ్లకి గదులిచ్చి వండిపెట్టేది. ఎనభై నాలుగేళ్లు. పొయ్యిమీద బీన్స్ అన్నం ఉడుకుతోంది.

"ఏరా ఫినో, తిండి వేళ చూసుకుని దిగావా?" అంది నాన్నని చూసి.

ఫోటో చూడగానే గరిటె పక్కన పెట్టింది.

"తియోఫిలో లోంబా. మా పై గదిలో ఉండేవాడు. ఇరవై రెండు రోజులు చీకటితో లేచి రేవుకొచ్చాడు. నీ ఎదురుగానే నిలబడేవాడు. ఒక్కరోజైనా వేలు చూపించావా?"

"ఎందుకు చూపించలేదు?" అన్నాడు నాన్న, ఆవిడకే తెలిసినట్టు.

"నన్నడుగుతావేం? వాడిది ఫోగో దీవి. నువ్వు మన బ్రావా దీవివాళ్లనే తీసుకునేవాడివి. ఫోటోవాడు వచ్చిన రోజు కూడా పని దొరక్క అక్కడే నిలబడిపోయాడు. తర్వాత వేర్‌హామ్ వైపు క్రాన్‌బెర్రీ పళ్ల తోటల్లో కూలికి వెళ్లాడు. మళ్లీ కబురు లేదు."

నాన్న కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ వారమంతటిలో ఆయన కదలకుండా ఉండటం అదే మొదటిసారి. ఒలిండా కంచం పెట్టింది. "తిను. నిన్ను తిట్టడానికి చెప్పలేదు" అంది. ఆయన ముట్టలేదు.

తిన్నగా లైబ్రరీకి తీసుకెళ్లమన్నాడు. అక్కడి అమ్మాయి సంతోషంగా కాగితం తెచ్చింది.

"ఏడోవారి పేరు దొరికిందా? ఆయనా మీ ముఠాలోనే పనిచేశారా?"

"లేదమ్మా. ఇరవై రెండు రోజులు పనికోసం వచ్చాడు. మేస్త్రీ ఇవ్వలేదు. ఆ మేస్త్రీని నేనే. అదికూడా రాయండి."

"అంతా ఫోటో కింద పెట్టాలంటారా?"

"చోటు చాలకపోతే నా పేరు చిన్నగా రాయండి. వాడిది మాత్రం పూర్తిగా ఉండాలి."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను తలూపాను. మరుసటి వారానికి ఫోటో కింది కార్డు మార్చారు, ఆయన చెప్పిన మాటల్తోనే.

ఆయన మాత్రం దాన్ని చూడ్డానికి రాలేదు. ఆ రోజు పొద్దున్నే కోటు వేసుకుని, కారు పక్కన నిలబడి, "వేర్‌హామ్‌కి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు.