సర్వర్ చెప్పిన అబద్ధం

టెక్సాస్‌లోని కాపెల్‌లో నమ్రతకి ఉద్యోగం ఉంది, అపార్ట్‌మెంట్ ఉంది, మాట్లాడే మనిషే లేరు. పని ఇంటి నుంచే. నోరు విప్పి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడక వారాలు గడిచిపోతుంటాయి. ఉన్నదల్లా ఒక తెలుగు వెబ్‌సైట్‌లో 'పెరటి ముచ్చట్లు' అనే గ్రూపు, అందులో జార్జియాలోని కమ్మింగ్‌లో ఉండే వసంతలక్ష్మి గారు. కుండీలో గోంగూర మొలిచిందా అని మొదలుపెట్టి, అన్నం తిన్నావా అనేదాకా వచ్చేవారావిడ. ఆ ఒక్క ప్రశ్న కోసమే నమ్రత రోజూ లాగిన్ అయ్యేది.

ఒకరోజు ఆవిడ పెళ్ళి మాటెత్తారు. "మీకెందుకండీ నా సంగతి?" అని అందరి ముందూ రాసేసింది నమ్రత. మర్నాడు క్షమాపణ చెబుదామని లాగిన్ కాబోతే, 'మీ ఖాతా తొలగించబడింది' అని వచ్చింది.

గ్రూపు నడిపేది వసంతలక్ష్మి గారే. ఇంకేముంది, గెంటేశారనుకుంది. నమ్రత చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కంప్యూటర్ చెప్పేది నమ్మకుండా ఉండడానికే తనకి జీతమిస్తారు. తప్పు తనవైపు ఉండేసరికి ఆ తెలివంతా గంగలో కలిసింది. పైగా పౌరుషమొకటి! మళ్ళీ ప్రయత్నించనే లేదు. ఒంటరిగా కూర్చుని ఏడ్చింది మాత్రం నిజం.

చాలా రోజుల తర్వాత ఏదో మీటింగ్ కోసం ఆఫీసుకి వెళ్ళినప్పుడు, లంచ్‌లో తోటి ఉద్యోగి ఫణితో ఆ మాట అనేసింది, ఫలానా రోజున తనని ఫలానా సైట్ లోంచి తీసేశారని.

"నిన్నొక్కదాన్నే కాదులే! ఆ రోజు హెచ్‌వన్ వీసా లాటరీ రిజల్ట్స్ కదా, ఎవరికొచ్చింది ఎవరికి రాలేదని జనమంతా ఆ సైట్ మీద ఎగబడ్డారు. సర్వర్ ఓవర్‌లోడ్. నాకూ అదే మెసేజ్ చూపించింది. కాసేపాగి ట్రై చేస్తే ఓపెన్ అయింది."

నమ్రత ప్లేటు అక్కడే వదిలేసి కారులోకి వెళ్ళి ఫోన్ తీసింది. పాత పాస్‌వర్డ్ పనిచేసింది.

వసంతలక్ష్మి గారి మాటలు వరసగా ఉన్నాయి. "కోపమొచ్చిందా తల్లీ?" "నాకు నోరాగదు, ఏమనుకోకు." "ఈ పూటైనా వస్తావని చూశా." అన్నిటికంటే కింద చివరిది: "నేనుండబట్టే నువ్వు రావట్లేదు. నీకా ఊళ్ళో ఎవరూ లేరని నాకు తెలుసు. నా ఖాతా నేనే తీసేసుకుంటున్నా. ఇక నువ్వు హాయిగా రామ్మా."

నమ్రత ఆవిడ పేరు నొక్కి చూసింది, ఖాతా నిజంగానే లేదు. ఆవిడ ఫోన్ నంబర్ ఎవరి దగ్గరైనా ఉందా అని గ్రూపులో అడిగింది.

అవని అనే ఆవిడ వెంటనే జవాబిచ్చింది: "లేదండీ. మీరే కదా ఆవిడకి క్లోజ్, మీ దగ్గరుంటుందనుకున్నాం."