అతుకు కనపడని తుపాకి

ప్లాస్టిక్ బిందెలు పల్లెలకు కొత్తగా వచ్చినప్పుడు అవి పగలవని అంగళ్ళవాళ్ళు చెప్పేవాళ్ళు. నల్లమాడ చుట్టుపక్కల వాన మొహం చాటేసిన ఏళ్ళవి. బోరింగు దగ్గర వరుసలో పెట్టిన బిందెలు ఎండకు మాడి, తోపులాటలో ఒకదానికొకటి తగిలి, అడుగున చీలిపోయేవి. ఆ చీలికలే సుంకన్నకు అన్నం పెట్టాయి.

కుంపటి, రెండు ఇనుపచువ్వలు, పాత బకెట్ల ముక్కలు సంచిలో వేసుకుని, బిందెలు అతుకుతానని కేక వేస్తూ ఊరూరూ తిరిగేవాడు. కాలిన చువ్వతో చీలిక అంచులు కరిగించి, అదే రకం ముక్కను అందులోకి కరిగించి, తడిగుడ్డతో అదిమేవాడు. నీళ్ళు కారేవి కావు. అయినా ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళా?

"ఏమప్పా సుంకన్నా, బిందె అతకమంటే దానికి జెర్రిని అంటించినావే!"

"నెత్తిన పెట్టుకుంటే చెవిలోకి దూరుతాదేమో చూసుకోక్కా" అని ఇంకొకామె అందుకునేది.

వాళ్ళు నవ్వేవాళ్ళు. సుంకన్న తల ఎత్తేవాడు కాదు. ఆ మాటలు పడలేకే గాజుపెంకుతో గీకడం, ఇటుకపొడితో రుద్దడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకు తన అతుకు ఎక్కడుందో తనే వేలితో తడిమి వెతుక్కోవలసి వచ్చేది.

అసలు వాళ్ళది పగటివేషాల ఇల్లు. ఒక ఊళ్ళో దిగి, పగటిపూట రోజుకొక వేషం కట్టి వీధుల్లో తిరిగి నవ్వించి, కడపటిరోజు మామూలు బట్టల్లో ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేవాళ్ళు. చిన్నప్పుడు సుంకన్నకూ నాయన మొహానికి రంగు పూశాడు. జనం ముందు నిలబెడితే నోరు పెగల్లేదు. నాయన తిట్టలేదు, కొట్టలేదు. మరుసటి రోజునుంచి రంగు డబ్బా అన్న రామదాసు ముందు మాత్రమే పెట్టాడు. తిట్టినా బాగుండేదని సుంకన్నకు చాలాసార్లు అనిపించింది.

నాయన పోయాక వేషాలన్నీ రామదాసువే. ఒకరోజు అతను ఖాకీగుడ్డల మూట, ఆ మూటలోంచి ఒక ఆటబొమ్మ తుపాకి తీసి తమ్ముడి ముందు పెట్టాడు. ఎర్రటి ప్లాస్టిక్కు, జానెడు పొడవు.

"రే సుంకా, మన కొయ్య తుపాకి చెదలు తినేసిందిరా. కదిరి తేరు తిరణాలలో ఇది కొన్నా. ఇది పట్టుకోని ఇనస్పెక్టరునంటే కుక్క గూడా మొరగదు. గొట్టం పొడుగుజేసి నల్లగా చేసియ్యి."

"చేస్తాలే న్నా."

"ఇంగోమాట. ఈసారి బూట్లు గూడా దొరికినాయి. నాయన ఖాకీ కట్టినా ఉత్తకాళ్ళతోనే పోతాండె, గుర్తుండాదా? పులి కట్టినా ఒక చెవికి రంగు పూస్తా ఉండ్లేదు. చూసేటోనికి ఇది వేషమని తెలిసే గుర్తు ఒకటుండల్ల. బూట్లు ఏసుకుంటే ఆ గుర్తు పాయె. అందుకని అతుకు కాడ బొమ్మ ఎరుపు అట్లే కనపడనీ."

"అతుకు కనపడితే అదేం పని న్నా?"

"నీ పనికాదురా అది. నా పని."

ఆ మాట సుంకన్నకు ఎక్కడో గుచ్చుకుంది.

గొట్టానికి నల్లటి నీళ్ళ పైపు ముక్క తెచ్చాడు. రెండూ ప్లాస్టిక్కే గానీ ఒకదానికొకటి పొత్తు కుదరలేదు. బొమ్మది పెళుసు, పైపుది మెత్తన. చువ్వ తగిలిస్తే బొమ్మ నురగలు కక్కి నల్లబడింది, పైపు జారిపోయింది. చల్లారాక పట్టి లాగితే పొక్కు ఊడినట్టు ఊడివచ్చింది. వేడితో కాదని అర్థమై, లోపల ఇరుకుగా పట్టే సన్నపైపు ముక్కను రెండింటిలోకీ దూర్చాడు. కాల్చిన దబ్బనంతో అడ్డంగా బెజ్జాలు పొడిచి, వాటిల్లో ప్లాస్టిక్కు పుల్లలు దోపి, కొసలు కరిగించి బిగించాడు. అప్పుడు నిలబడింది. విదిలించినా, నేలకేసి కొట్టినా కదల్లేదు.

అంతటితో ఆగి ఉంటే అన్న అడిగిన తుపాకి అది. ఎరుపుకీ నలుపుకీ నడుమ గీత స్పష్టంగా ఉంది. చేతులు ఊరుకోలేదు. గాజుపెంకుతో పుల్లల కొసలు చదును చేశాడు. ఆముదంలో మసి కలిపి మొత్తం పూసి ఆరబెట్టాడు. పెన్సిలు ముల్లు నూరి ఆ పొడిని గుడ్డతో రుద్దేసరికి నలుపు మీద ఇనుము నిగనిగ వచ్చింది. వేషంలోకి తనను రానివ్వలేదు గదా, తన చేతిపని అయినా పోతుందని ఆ రుద్దడంలో ఒక కసి ఉంది, సంతోషమూ ఉంది.

రామదాసు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"గీత యాడరా?"

"గీకితే పనంతా చెడుతుంది న్నా."

"నాయన చూసింటే..." అని ఆగిపోయాడు. తర్వాత తుపాకిని నడుముకు దోపుకుని, అద్దంలో చూసుకుని, "సరేలే, మొగంలో ఏదన్నా గుర్తు పెట్టుకుంటాలే" అన్నాడు. ఏమీ పెట్టుకోలేదు. సుంకన్నా గుర్తు చేయలేదు.

రామదాసు ఆ వేషం కట్టబోయే ఊళ్ళోకి సుంకన్న కూడా వెళ్ళాడు, కుంపటి సంచితో, ఎవరో పరాయివాడిలా. వేషం కట్టేముందు టీ అంగట్లో కూర్చుని ఊరి గుట్టు రాబట్టడం వాళ్ళ ఇంటి అలవాటు. కరువుపని రోడ్డు దగ్గర సర్కారు గడారి, అదే గునపం, ఒకటి మాయమైందని రామదాసుకు అక్కడే తెలిసింది. హాస్యానికి అంతకంటే ఏం కావాలి?

బూట్లు టకటకలాడిస్తూ వీధిలో నడుస్తుంటే ఎప్పుడూ చొక్కా పట్టి లాగే పిల్లలు తల్లుల వెనక్కి పోయారు. అరుగు మీది ముసలాయన ఒకడు లేచి భుజం మీది టవలు తీసి చంకలో పెట్టుకున్నాడు. సుంకన్న గోడవార నిలబడి అన్న మొహం చూడలేదు, తుపాకినే చూస్తున్నాడు. వాళ్ళ భయమంతా తన చేతిపనికి మొక్కినట్టు అనిపించింది.

"ఎవడప్పా సర్కారు గడారి మింగినోడు? కడుపులో గుచ్చుకుంటాంటే కక్కండి!" అని రామదాసు తుపాకి తీసి గాల్లో తిప్పాడు.

నవ్వు రావలసిన చోట నవ్వు రాలేదు. గుంపు వెనకనుంచి ఒక మనిషి కంచె దూకి ఎండిన వాగువంకలోకి పరుగెత్తాడు. అప్పుడు నవ్వారు జనం.

"ఓహో, ఎర్రన్ననా అప్పా దొంగ! చూడండి ఎట్ల పరిగెత్తుతాండాడో!"

ఎర్రన్న పెండ్లాం హనుమక్క మాత్రం నవ్వలేదు. వచ్చి రామదాసు బూట్ల మీద పడింది.

"సారూ, ఇంట్లో గింజల్లేక అమ్ముకున్యాడు. ఎప్పుడూ చేసినోడు కాదు. కాల్చొద్దు సారూ."

రామదాసు టోపీ పీకేశాడు. "లెయ్యక్కా, లెయ్యి. నేను వేషగాన్ని. పోలీసును కాదక్కా." ఆమె నమ్మలేదు. అతను తుపాకిని ఆమె చేతుల్లో పెట్టాడు. "పట్టుకో, చూడు. ఆటబొమ్మ ఇది."

ఆమె దాన్ని అరచేతుల్లో ఎత్తి చూసింది. అది ఎంత తేలికో తెలిసి మొహం వదులైంది. అంతలో వంక వైపు తిరిగింది.

"మరి ఆయప్పకు ఎవురు చెప్తారు?"

మగవాళ్ళు గుట్టదాకా పోయి అరిచారు. "ఎర్రన్నా, వేషమప్పా! రాప్పా!" ఆ కేకలు విని, పోలీసులు పిలిపిస్తున్నారనుకుని ఇంకా దూరం పోయి ఉంటాడని ఎవరో అన్నారు. దీపాలు పెట్టేవేళకు వస్తాడన్నారు. మరునాడు వస్తాడన్నారు. రాలేదు.

రామదాసు ఆ ఊళ్ళో సంభావన అడగకుండానే మూట కట్టాడు. దారిలో తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. సుంకన్న ఒకచోట ఆగి మూటలోంచి తుపాకిని తీసి మోకాలికి ఆన్చి విరిచాడు. అతుకు ఊడలేదు, దాని పక్కన పగిలింది.

వేరుశనగ ఇంకో కారు పంట వేశారు, అదీ ఎండింది. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ఎర్రన్నలాంటివాణ్ణి చూశానని ఒక లారీవాడు చెబితే సుంకన్న బస్సెక్కాడు. ఎన్నో మాటలు కూర్చుకున్నాడు దారిపొడుగునా. కోతమిషన్ల నడుమ తెల్లటి దుమ్ము కప్పుకున్న మనిషి ముందు నిలబడేసరికి అన్నీ ఎటో పోయాయి.

"ఆ పొద్దు వచ్చింది పోలీసు కాదు న్నా. మాయన్న. ఆ తుపాకి నేను చేసిందే. ప్లాస్టిక్కుది."

ఎర్రన్న మొహం తుడుచుకున్నాడు. "తెలుసు."

"తెలుసా?"

"రెండునాళ్ళకే తెలిసె. కదిరి బస్టాండులో మనూరోడే చెప్పి నవ్వినాడు."

"మల్ల రాలేదేం న్నా? ఆయమ్మ చూస్తాంటాది."

"ఏమని రావల్ల? నీ తుపాకి అబద్ధం, సరే. నేను పరిగెత్తింది ఊరంతా చూసినారు గదప్పా. నేనట్ల పోకపొయ్యింటే గడారి ఎవురు తీసినారో ఎవురికీ తెలీదు. ఇప్పుడు నా కొడుకు బడిలో గూడా గడారోని కొడుకే." దగ్గు వచ్చి ఆగాడు. "ఎవురన్నా వేషమని తెలుసుకోవాలంటే ఒక గుర్తుంటాది. దానికి లేదే. అట్లెందుకు చేసినావప్పా?"

మిషను మళ్ళీ తిరిగింది. ఎర్రన్న బండ వైపు తిరిగాడు.

తిరుగు దారిలో సుంకన్న హనుమక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ తుపాకి చేసింది బిందెలు అతికేవాడేనని ఆ ఊరికి ఎప్పుడో తెలిసిపోయింది. ఆమె చేటలో గింజలు చెరుగుతూ ఉంది.

"తాడిపత్రిలో ఉండాడు."

చేట ఆగింది. "వస్తానన్యాడా?"

"లేదు."

"మంచిగుండాడా?"

"దుమ్ములో పని. దగ్గుతాండాడు."

ఆమె తల ఊపింది. గింజల్లోంచి రాయి ఒకటి ఏరి అవతల పారేసింది. సుంకన్న తిట్టు కోసం కాచుకున్నాడు. అది వస్తే తల వంచుకుని పడదామని వచ్చాడు.

"పోయి కనుక్కొచ్చినావు, మంచిదే" అంది ఆమె. "ఇంగ మా ఊరికి బిందెలు అతికేదానికి రావద్దు నాయనా. నీ కేక వినపడితే పిల్లోడు లోపలికి పోయి దాంకుంటాడు."

సుంకన్న సంచి భుజాన వేసుకున్నాడు. ఊరు దాటేదాకా కేక వేయలేదు. ఒక ఇంటి ముందు ఎవరో పగిలిన బిందె ఎత్తి చూపి పిలిచారు. అతను విననట్టే నడిచాడు.