తోపుడు ఎద్దు

"ఎద్దుని బయటికి తియ్యి, ఒటీలియా," అన్నాడు ఆమె భర్త దువార్త్, పొయ్యిమీద కాఫీ దించమన్నంత మామూలుగా.

ఒటీలియా చేతులు ఉప్పునీళ్ళలో ఉన్నాయి. దువార్త్ ఎద్దులాటకి తొడిగే లేసు కాలరు మూడోసారి నానబెట్టింది. రక్తం మరకకి వేడినీళ్ళు తగలకూడదని, చన్నీళ్ళూ ఉప్పూ తప్ప దానికి మందు లేదని పెళ్ళయిన మొదటి నెలలోనే అత్తగారు దోనా ఎర్మెలిందా నేర్పింది. పదహారేళ్ళలో ఎన్ని ఎద్దుల రక్తం పోగొట్టిందో ఆ లేసు మీంచి. ఈసారిది ఎద్దుది కాదు, గుర్రం జింబ్రుది. అందుకే పోవడం లేదేమోనని పిచ్చి ఆలోచన ఒకటి వస్తోంది మూడు వారాలుగా.

చేతులు తుడుచుకుని కొట్టంలోకి వెళ్ళి ఎద్దుని బయటికి తీసింది. ముందు ఒక చక్రం, వెనక రెండు పిడులు, ముందువైపు బెండు పలకకి బిగించిన నిజం ఎద్దు కొమ్ములు. మామగారి కాలం నాటిది. మనిషి వంగి ఆ పిడులు పట్టుకుని పరిగెడుతూ తోస్తే అది ఎద్దు. గుర్రం దానికి ఎదురు రావాలి, దగ్గరికి రానివ్వాలి, ఆఖరి క్షణంలో పక్కకి తిరగాలి. ఆ తిరిగే క్షణంలోనే, గోదాలో అయితే, రౌతు వంగి రంగుకాగితాలు చుట్టిన చిన్న బల్లెం ఎద్దు మెడలో దించుతాడు. జనం లేచి నిలబడతారు. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో ఆ ఎద్దు ఒటీలియా.

"జీతగాణ్ణి పెడితే వాడు బండి తోసినట్టు తోస్తాడు. నువ్వు ఎద్దులా ఆలోచిస్తావు," అనేవాడు దువార్త్ కొత్తలో. మెచ్చుకోలనుకుని మురిసిపోయింది. నడుము పట్టేసి మంచం దిగలేని రోజుల్లో కూడా ఆ మాట తలుచుకుని దిగింది. ఇప్పుడు తలుచుకుంటే తనమీద తనకే జాలేస్తుంది.

ఆమె తండ్రి నది అవతల ఒక పెద్ద జమీలో గుర్రాలు మచ్చిక చేసేవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒటీలియా కళ్ళెం లాగకుండా, మోకాళ్ళతోనే గుర్రాన్ని అక్కడికక్కడే చుట్టూ తిప్పేది. గుర్రం బేరానికి వచ్చిన మామగారు గుర్రాన్ని వదిలేసి ఈమెనే చూస్తూ నిలబడ్డాడు. "ఈ చేతులు మా ఇంటికి కావాలి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఉన్నమాటే అన్నాడు. చేతులే అడిగాడు, చేతులే తీసుకెళ్ళాడు.

పెళ్ళయిన రెండో ఏడు ఒకరోజు భోజనాల దగ్గర, ఉడికించిన శనగలూ ఉప్పుచేపా వడ్డిస్తూ, తనూ గోదాలోకి దిగుతానంది. ఈమధ్య ఆడవాళ్ళు కూడా దిగుతున్నారు, తప్పేముంది అంది. దువార్త్ తల్లి వంక చూశాడు. ఎర్మెలిందా రొట్టె తుంచుకుంటూ, "ఎక్కేవాళ్ళు ఎక్కుతారమ్మాయ్. మరి ఎద్దు ఎవరవుతారు?" అంది. అందులో వెటకారం కూడా లేదు. ఆవిడా తన మొగుడి కోసం ఇరవయ్యేళ్ళు అదే చక్రం తోసింది. ఆవిడ నడుము ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఆ ఒరిగిన నడుముతోనే ఆవిడ ఆ ఇంటి పెద్ద.

టీవీ వాళ్ళు వచ్చి, మీ గుర్రాలకి శిక్షణ ఎవరిస్తారని అడిగితే, దువార్త్ మామగారి పటం వైపు చెయ్యి చూపించి, "మా వంశంలోనే ఉందండీ," అన్నాడు. ఒటీలియా పళ్ళెంలో తీపి పట్టుకుని కెమెరా వెనకే నిలబడి ఉంది. ఆ టీవీ వాళ్ళే ఎద్దుల సంగతి కూడా అడిగారు. దానికీ జవాబు సిద్ధంగానే ఉంటుంది. "మేం పొరుగు దేశం వాళ్ళలా గోదాలో చంపమండీ. కొమ్ములకి తోలు తొడుగులు వేస్తాం. ఎద్దు నడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోతుంది." నిజమే, వెళ్ళిపోతుంది. మెడలో గంటలున్న పెంపుడు ఎద్దులు వచ్చి దాన్ని తోడు తీసుకెళతాయి. వెనక ఏమవుతుందని పెళ్ళయిన కొత్తలో ఒటీలియా అడిగితే, "వెనక్కి అంటే వెనక్కే," అంది అత్తగారు. వెనక బల్లేలు కోసి తీస్తారు. ఆదివారం ఆట అయితే సోమవారం కసాయి లారీ వస్తుంది. ఆ రాత్రంతా అది నిలబడే ఉంటుందని జెఫెరీను చెప్పాడు. పడుకోలేదట, మెడ నొప్పికి. ఆమెకి అది తెలిసీ సోమవారం పొద్దున్నే లేసు నానబెట్టేది. తెలిసీ పదహారేళ్ళు తోసింది. తనని ఎవరూ చూడలేదని బాధపడిన మనిషి, ఆ ఎద్దుని తనూ చూడలేదు. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు?

జెఫెరీను ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా గుర్రాలు చూసుకునే ముసలాయన. తోపుడు ఎద్దు దగ్గర పాటించాల్సినదంతా ఆయనే నేర్పాడు. మొదటి నెలలో గుర్రానికి కొమ్ము తగలనివ్వకూడదు. ఒక్కసారి గట్టిగా తగిలిందా, దాని నమ్మకం పోతుంది. తర్వాత ఏ రౌతూ దాన్ని ఎద్దు దగ్గరికి తీసుకెళ్ళలేడు. గోనెపట్టా చుట్టిన కొమ్మైనా సరే. అలాగని ఎద్దు ఆగకూడదు కూడా. తప్పుకోవడం గుర్రం పని, ఆగడం ఎద్దు పని కాదు.

ఒటీలియా ఆగేది. జింబ్రు విషయంలోనే ఆగేది. జింబ్రు ఆమె కళ్ళముందు పుట్టింది, తల్లి చనిపోతే సీసాతో పాలు తాగించింది. దానిమీదికి కొమ్ములు తోసుకెళ్ళేటప్పుడు ఆఖరి అడుగులో ఆమె చేతులు వాటంతటవే వెనక్కి లాగేవి. జానెడు కూడా కాదు, బెత్తెడు. దువార్త్ పైన ఉండేవాడు గనక చూడలేదు. జెఫెరీను చూశాడు.

"మీరు ఆగుతున్నారమ్మా," అన్నాడు ఓసారి. "గుర్రం ఆ లెక్క నేర్చేసుకుంటుంది."

"నీకు కళ్ళు మసకలొచ్చాయి బాబాయ్," అని నవ్వేసింది.

మూడు వారాల కిందటి ఆదివారం వాళ్ళ పెళ్ళిరోజు. గోదాలో ప్రతి ఎద్దునీ రౌతు ఎవరో ఒకరికి అంకితమిస్తాడు. మూడంచుల టోపీ తీసి వాళ్ళ చేతికిస్తాడు. ఇన్నేళ్ళలో దువార్త్ మేయరుకిచ్చాడు, మేయరు భార్యకిచ్చాడు, ఒక వైన్ కంపెనీ ఆసామికిచ్చాడు, చనిపోయిన తండ్రికి ఆకాశంలోకి ఇచ్చాడు. ఆరోజు మొదటిసారి జింబ్రు మీద కంచెదాకా వచ్చి, ఒటీలియా వైపు టోపీ చాచాడు. "నా భార్యకి, ఆమె ఓపికకి," అన్నాడు గట్టిగా. జనం చప్పట్లు కొట్టారు. పక్కన ఎర్మెలిందా కళ్ళు తుడుచుకుంది. ఒటీలియా టోపీ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. సంతోషంగానే ఉందామెకి, అబద్ధం చెప్పడం దేనికి. ఇన్నాళ్ళకి ఒకసారి అందరి ముందూ తలుచుకుంటే ఎవరికి ఉండదు?

మూడో బల్లెం దగ్గర జింబ్రు ఎద్దుకి సూటిగా వెళ్ళింది. ఎంత అందంగా వెళ్ళిందో. తల వంచి, చెవులు ముందుకి పెట్టి, భయమన్నది ఎరగనట్టు. ఎద్దు వచ్చింది, జింబ్రు ఇంతకుముందు చూసిన ఏ ఎద్దుకన్నా వేగంగా. తిరగాల్సిన చోట జింబ్రు తిరగలేదు. ఒక్క క్షణం ఆగింది. ఎద్దు ఇప్పుడు ఆగుతుంది కదా అని ఎదురు చూసింది. ఆ బెత్తెడు కోసం చూసింది.

ఎద్దు ఆగలేదు. తొడుగు ఉంది గనక కొమ్ము దిగలేదు, కానీ పక్కటెముకలు విరిగి లోపల గుచ్చుకున్నాయి. దువార్త్ ఇసకలో దొర్లి లేచాడు. జింబ్రు లేచి, దానంతటది నడుచుకుంటూ వెనక్కి వెళ్ళింది. జనం ఆ ధైర్యానికి చప్పట్లు కొట్టారు. ఒటీలియా మెట్లు దిగి వెనక్కి పరిగెత్తి వెళ్ళేసరికి అది ముక్కుల వెంట రక్తం కారుస్తూ, ఆమె చంకలో మూతి పెట్టాలని చూసింది. టోపీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దువార్త్ జీను విప్పుతుంటే అతని లేసు కాలరు మీదా ఆ రక్తం చిందింది. గంటలోపే జింబ్రు పోయింది.

"గుర్రానికి బుద్ధి తప్పింది," అన్నాడు దువార్త్ ఆ రాత్రి. "వయసు మీద పడింది." అందరూ అదే అన్నారు. గోదా మొత్తంలో అసలు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. జెఫెరీను ఆమె కళ్ళలోకి చూడకుండా జీను తుడుచుకుంటూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. తన ప్రేమే దాన్ని చంపిందని ఒటీలియాకి తెలుసు. ప్రేమించి అబద్ధం నేర్పింది. తను ప్రేమించినంత మాత్రాన లోకం బెత్తెడు ఆగుతుందని నేర్పింది.

ఇప్పుడు ఈ అలెక్రిం. నాలుగేళ్ళ బూడిదరంగు మగగుర్రం. దీన్నీ ఆమే పెంచింది. తియ్యటి కరోబు కాయల కోసం ఆమె ఏప్రన్ జేబు చింపినంత పని చేస్తుంది. జింబ్రు స్థానంలో వచ్చే ఈస్టరుకి దీన్ని దింపాలని దువార్త్ తొందర.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు జీను మీంచి.

"కొమ్ములకి గోనె చుడుతున్నా."

చుడుతూ ఆలోచించింది. మూడు వారాలుగా ఆలోచిస్తున్నదే. ఆగితే ఇదీ జింబ్రులాగే పోతుంది. ఆగకుండా, తగలకుండా, సరిగ్గా నేర్పితే? గొప్ప గుర్రమవుతుంది. పదేళ్ళు గోదాలో ఆడుతుంది. పదేళ్ళూ సోమవారాలు లారీ వస్తుంది. ఏదో ఒక ఆదివారం దీనికి కాలు జారుతుంది. అప్పుడూ తను ఎవరి టోపీయో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. గోనె ఇంకో రెండు చుట్లు ఎక్కువే చుట్టింది.

అలెక్రిం వచ్చింది. చెవులు ముందుకి పెట్టి, తోస్తున్నది ఎవరో తెలిసినట్టు, దాదాపు ఆటలా వచ్చింది. ఆఖరి అడుగులో ఆమె చేతులు అలవాటుగా వెనక్కి లాగబోయాయి. ఒటీలియా పళ్ళు బిగించి ముందుకి తోసింది. గుర్రం తిరిగిన వైపే చక్రం తిప్పి, ఎక్కడికి తప్పుకుంటుందో తెలుసు గనక సరిగ్గా అక్కడే, పక్కటెముకల మీద గుద్దింది. నిజమైన ఎద్దుకి కూడా అంత తెలివి ఉండదు. అలెక్రిం అరిచింది. గుర్రం అలా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. దువార్త్ జారి మెడ పట్టుకుని వేలాడాడు.

"కళ్ళు కనపడట్లేదా నీకు?"

"చక్రం తిరిగిపోయింది," అంది.

మర్నాడూ చక్రం తిరిగిపోయింది. ఆ మర్నాడు చక్రానికి జెఫెరీను నూనె వేసి ఇచ్చాడు, అయినా తిరిగింది. ఆయన ఆమె వంక చూసి, వెళ్ళి దాణా కలుపుకున్నాడు. ఒటీలియాకి తనమీద తనకి అసహ్యం వేసింది. కొట్టంలో ఒక మూల కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని వంట చేసింది. నాలుగోరోజు తోపుడు ఎద్దుని చూడగానే అలెక్రిం వణికిపోయి, ఎన్ని తన్నులు తన్నినా ముందుకి కదల్లేదు. వారం గడిచినా అంతే. రెండు వారాలు గడిచినా అంతే.

"పనికిరాదిది," అన్నాడు దువార్త్ భోజనాల దగ్గర. "పిరికిముండ. నది అవతల పిల్లలకి స్వారీ నేర్పే బడి వాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తా. గుండె లేదు దానికి."

"ఆడదాని చేతిలో గారాబంగా పెరిగితే గుండె ఎక్కణ్ణించి వస్తుంది?" అంది ఎర్మెలిందా.

"అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు దువార్త్. "వచ్చే వారం మోరా నుంచి కొత్త గుర్రం వస్తోంది. ఆ చక్రం ముందు బాగుచేయించు, ఒటీలియా."

ఒటీలియా గరిటె కింద పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎన్నోసార్లు మింగిన మాటలు గుర్తొచ్చాయి. వాటిల్లో ఒక్కటి కూడా ఇప్పుడు అక్కర్లేదనిపించింది.

"చక్రం బాగానే ఉంది," అంది. "అది పిరికిది కాదు. నేనే గుద్దాను. మూడుసార్లూ కావాలనే గుద్దాను. జింబ్రు చావడానికీ నేనే కారణం. దాని మీదికి తోసినప్పుడల్లా ఆఖర్న ఆగేదాన్ని. అది గోదాలో నిజం ఎద్దు కూడా ఆగుతుందనుకుంది. మోరా నుంచి వచ్చేదాన్ని కూడా గుద్దుతాను. నాచేత తోయించదలుచుకుంటే తీసుకురా."

దువార్త్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అరుస్తాడనుకుంది. అరవలేదు. ఆమె చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు, ఇన్నేళ్ళూ అవి ఎవరివో తెలియనట్టు.

"మరి ఎద్దు ఎవరవుతారు?" అంది ఎర్మెలిందా, చాలా మెల్లగా. ఈసారి ఆవిడ నిజంగానే అడిగింది.

ఒటీలియా ఆవిడ గిన్నెలో ఇంకో గరిటెడు శనగలు వేసి లేచిపోయింది.

శనివారం బడివాళ్ళ బండి వచ్చింది. అలెక్రిం జెఫెరీను వెంట బుద్ధిగా పలక మీంచి ఎక్కింది. ఒటీలియా జేబులోంచి కరోబు కాయ తీసి, అరచెయ్యి చాచి, బండి పక్కన నిలబడింది. దానికి వాసన తెలిసింది. ముక్కుపుటాలు అదిరాయి. ఆ చెయ్యిని చూసింది. చెవులు వెనక్కి వాల్చి, వణుకుతూ, బండిలో ఆ చివరిదాకా జరిగి, గోడకి ఆనుకుని నిలబడింది.

"మరిచిపోలేదమ్మా," అన్నాడు జెఫెరీను, ఎటు చూడాలో తెలియక.

తలుపు వేసేదాకా ఆమె చెయ్యి దించలేదు.

"అలాగే ఉండు నాన్నా," అంది లోపలికి వినపడేలా. "నన్నూ నమ్మకు."